రామక్క వంత

రామక్క ముందర ఎవరినైనా 'వంత పాడుతున్నాడు' అని తిట్టకూడదు. తిట్టినవాడి ఏడు తరాలనూ కడిగేస్తుంది. పుంగనూరు మొదలు కుప్పం దాకా మొగుడు బుర్రకథ చెబుతుంటే, పక్కన డక్కీ వాయించి వంత పాడిన మనిషి ఆమె. పెద్దోళ్ల ముందు తలాడించే సన్నాసులకు ఆ పేరు తగిలించారని ఆమె మంట.

ఆ మంట మీద శంకరప్ప కిరసనాయిలు పోశాడు.

రాజమ్మ గొర్రెలు గుట్టకు పోయే దారి శంకరప్ప చేను పక్కన ఉంది. దాన్ని చేనులో కలుపుకొని కంచె వేయాలని అతని ఆశ. దారి పోతే రాజమ్మ గొర్రెలు అమ్ముకోవాల్సిందే. పాలకేంద్రం ముందు ఊరు కూడింది. ఊళ్లో అందరికంటే పెద్దది రామక్క. ఆమె ఊ అంటే ఇక అడిగేవాడుండడు. పైగా ఆమె టమోటా మడి తడిసేది శంకరప్ప బోరు నీళ్లతోనే. మడి పూత మీద ఉంది.

"అది మా తాత సొంతానికి ఏసుకున్న బండి దావ," అన్నాడు శంకరప్ప. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. "సెప్పు రామక్కా. వంత పాడినదానివే గదా, ఒక్క మాట కలుపు."

రామక్క కొంగు బిగించింది.

"వంతంటే ఏమనుకున్నావప్పా? రాజు బయల్దేరినాడని కథకుడంటే, యాడికి, యాల అని అడిగేదే వంత. జవాబు కుదిరితేనే తందాన. నా మొగుడు కథ తప్పితే మదనపల్లె జనం ముందరే డక్కీ ఆపేసినా నేను. ఇప్పుడు నిన్నడుగుతాండా. కూలికి పోయిన మీ తాతకు బండి యాడిది?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"బాడుగ బండి."

"బాడుగ బండి కట్టుకోని గుట్ట మీదికి యాల పోయినాడు? రాళ్లు పండించేదానికా? నేను కాపురానికొచ్చినప్పటి నుంచి ఆ దావలో గొర్రెలే నడస్తాండాయి."

"ముసిల్దానా, నీ మడికి నీళ్లు యాడ్నుంచి వస్తాండాయో గురుతుండాదా?"

"ఉండాది. నీళ్లు నీవి, నోరు నాది."

అవునవునన్నవాళ్లంతా పాల క్యాన్లు సర్దుకోసాగారు. కంచె మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి ఆమె మడి పైపు పీకేశారు. వారం తిరక్కుండా పూత రాలి, మొక్కలు తలలు వాల్చాయి. చూడడానికొచ్చిన రాజమ్మ ఏడుపు అందుకుంది. "అంతా నా వల్లే గదక్కా."

"నీ మొగం. నీ కోసం ఎవరు సెప్పినారే? వాడి అబద్ధం నా నోట పలికించాలనుకున్నాడు, దానికి సెప్పినా. ఏడ్సింది సాలు. ఈ మొక్కలు ఎండకముందే గొర్రెల్ని తోలకరా, మేస్తాయి. ఆ దావలోనే తోలు, వాడు సూసేట్టు."