కొట్టివేతలు లేని పేజీ

నా చిన్నప్పుడు, డెబ్బైల మొదట్లో, ఆళ్లగడ్డ బడిలో మా లెక్కల సారు రబ్బరు వాడనిచ్చేవారు కాదు. తప్పు వస్తే దాని మీద ఒక్క గీత కొట్టి, కిందనే మళ్లీ మొదలుపెట్టాలి. గీత కింద ఏముందో ఆయనకు కనబడాలి. సాయంత్రం బడి వదిలాక ఏడో తరగతిలోంచి ఇద్దరినే వరండాలో కూర్చోబెట్టుకునేవారు. ఒకణ్ణి నేను. రెండోది విగ్రహాలు చెక్కేవాళ్ల ఇంటి పిల్ల.

ఆయన మాకు కొత్త సూత్రాలేమీ నేర్పలేదు. లెక్క మొండికేసినప్పుడు ఏం చెయ్యాలో నేర్పారు. పెద్ద అంకెలుంటే చిన్నవి వేసుకుని చూడండి, బొమ్మ గీయండి, ముందునుంచి దారి లేకపోతే చివరనుంచి రండి అనేవారు. ఇవన్నీ నాకు నోటికి వచ్చాయి. ఆ పిల్లకు చేతికి వచ్చాయి. ఆ తేడా నాకప్పుడే తెలుసు.

ఆ ఏడు నంద్యాలలో ఒక పరీక్ష పెట్టారు. నెగ్గితే హాస్టలు, పుస్తకాలు, పదో తరగతి దాకా చదువు. ఒక్కో బడినుంచి ఒక్కరినే పంపాలి. మా నాయనకు పొలాలున్నాయి, పరీక్ష ఉన్నా లేకున్నా నా చదువు ఆగేది కాదు. ఆ పిల్ల నాయన మాత్రం పేరు వస్తేనే చదువు, లేకుంటే ఏడుతో చాలని తేల్చేశాడు. ఆ మాట నాతో తనే చెప్పింది.

ఎంపిక కోసం సారు ఒక లెక్క ఇచ్చారు. ఒకామె బనగానపల్లె నుంచి గంపలో మామిడిపండ్లు తెస్తోంది. దారిలో మూడు సుంకం గేట్లు. ప్రతి గేటు దగ్గరా ఉన్నవాటిలో సగం, పైన ఇంకొక పండు ఇచ్చి రావాలి. మూడూ దాటాక ఒక్క పండు మిగిలింది. బయలుదేరినప్పుడు ఎన్ని? రెండు రోజుల్లో చేసి, తప్పులతో సహా నోటుబుక్కు తెమ్మన్నారు.

నేను ఇరవై అనుకుని చూశాను, పదహారు అనుకుని చూశాను. కుదరలేదు. రెండో రోజు పొద్దున బడికి పోతూ ఆ పిల్ల నాయన పనిచేసే పాక దగ్గర ఆగాను. తను నోటుబుక్కు తెచ్చి చూపింది. రెండు పేజీల నిండా కొట్టివేతలు, గంపల బొమ్మలు, రాతి మీద గుర్తులు పెట్టే ఎర్రరంగు వేలిముద్రలు. చివర్లో, మిగిలిన ఆ ఒక్క పండు దగ్గర మొదలుపెట్టి, నాలుగు, పది, ఇరవై రెండు అని వెనక్కి నడిచింది.

“ఎట్ల తట్టింది నీకు?” అన్నాను.

“మా నాయన ముందు బొమ్మను చూసుకుంటాడు, రాయిని తర్వాత చూస్తాడు. నేనూ అట్లే చేసినా. నీదేదప్పా, చూపీ.”

“ఇంట్లో ఉంది” అన్నాను. నోటుబుక్కు నా సంచిలోనే ఉంది.

బడి గోడ వెనక కూర్చుని, నా తప్పులున్న పేజీ చింపేసి, కొత్త పేజీలో నాలుగు వరుసల్లో రాసేశాను. ఒక్క కొట్టివేత లేదు.

ఆ రోజు సారు రాలేదు. పాణ్యంలో వాళ్లమ్మకు జబ్బు చేసిందని వెళ్లారు. పేరు ఆ రోజే పంపాలి కాబట్టి హెడ్మాస్టరు గారు మా ఇద్దరి నోటుబుక్కులూ తెప్పించుకున్నారు. ఒకే దారి, ఒకే జవాబు. నా పేజీ అచ్చువేసినట్టుంది.

“ఏమ్మా, ఇన్ని తప్పులు చేసినదానివి, కడాకు ఒప్పు యాడనుంచి వచ్చింది? వీడిది చూసినావా?” అన్నారు.

“లేదు సార్” అని ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆయన నన్ను అడగనేలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చెప్పేవాణ్ణి కాదు. నంద్యాలకు నా పేరే వెళ్లింది.

మూడు రోజుల తర్వాత సారు వచ్చి రెండు నోటుబుక్కులూ చూశారు. నన్ను వరండాలోకి పిలిచి, నా పేజీ మీద చెయ్యి ఆనించి, “నువ్వు యాడ తప్పినావప్పా?” అని అడిగారు.

“యాడా తప్పలేదు సార్.”

ఆయన నోటుబుక్కు మూసేశారు. మధ్యాహ్నం బస్సుకు నంద్యాల వెళ్లి, జాబితా ముగించేశారని తెలుసుకుని వచ్చారు. అటునుంచి అటే పాక దగ్గరికి వెళ్లారు. “పేరు రాకపాయ గదా సారూ. రాయి నున్నగా రుద్దే పని ఉండనే ఉంది” అన్నాడట ఆ పిల్ల నాయన.

సారు నన్ను కొట్టలేదు. మా నాయనకు చెప్పలేదు. ఆ పిల్ల నోటుబుక్కు నా చేతికిచ్చి, ఇందులోని తప్పులన్నీ నీ చేత్తో చెయ్యి, ఒక్కోటి యాడ నిలిచిపోయిందో పక్కన రాయి అన్నారు. “అయినాక నువ్వే పోయి ఆ పిల్లకు ఇయ్యి. ఏం చెప్పాల్నో నీకు తెలుసు.”

ఎనిమిది రోజులు పట్టింది. ఒక తప్పు దారి మూసుకుపోయిన చోటే తను తర్వాతి దారి వెతుక్కుంది. నాకు లెక్కలు నిజంగా అర్థమైంది ఆ పేజీల్లోనే. నంద్యాల పరీక్ష నెగ్గింది కూడా వాటితోనే.

నోటుబుక్కు ఇవ్వడానికి వెళ్లాను. పాక తడిక ఓరగా తెరిచి ఉంది. లోపల ఆ పిల్ల ఒక విగ్రహం పాదాల మీద నీళ్లు పోస్తూ రుద్దుతోంది. జుట్టంతా రాతిపొడి. మూడడుగులు వేస్తే లోపలుంటాను. రేపు వద్దామనుకుని వెనక్కి తిరిగాను.

హాస్టల్లో చేరాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ వీధి తప్పించి నడిచాను. కాలేజీకొచ్చాక ధైర్యం చేసి వెళితే పాక లేదు. కన్నడ దేశంలో గుడి పని దొరికి అందరూ వెళ్లిపోయారన్నారు. అప్పటికే సారుకూ ఎక్కడికో బదిలీ అయింది.

నేనూ లెక్కల సారునయ్యాను. నంద్యాలలో ముప్పై ఏళ్లు చెప్పాను. చురుకైన పిల్లలు శుభ్రమైన పేజీలు తెచ్చినప్పుడు, యాడ తప్పినావప్పా అని అడిగేవాణ్ణి. వాళ్లు నవ్వి, తప్పులన్నీ చూపించేవాళ్లు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఎర్రటి వేలిముద్రలు గోధుమరంగుకు తిరిగాయి. నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అడిగితే మాత్రం జవాబు తెలుసు. హెడ్మాస్టరు గది కన్నా, బడి గోడ కన్నా, నేను ఎక్కువగా తప్పింది ఆ తడిక ముందు, మూడడుగుల దూరంలో.