దిగదుడుపు అన్నం

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అవతల పాత రైల్వే క్వార్టర్ల వరస ఒకటి ఉంది. మనుషులు ఉండడానికి పనికిరావని రైల్వేవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. గోడల మీద తెల్ల రంగుతో గుర్తులు వేసి, కరెంటు తీసేసి వెళ్లిపోయారు. ఆ తరువాత తలుపులు, కిటికీ చువ్వలు, పంపు గొట్టాలు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. మా ఊళ్లో వాటిని కండెమ్ క్వార్టర్లు అంటారు. సాయంత్రం ఆ దారిన టోటోలో, అంటే బ్యాటరీ ఆటోలో వెళ్తే, అప్పటిదాకా కబుర్లు చెబుతున్న డ్రైవరు కూడా మాట ఆపేసి వేగం పెంచుతాడు.

నేను మునిసిపాలిటీలో పిల్లల బాగోగులు చూసే పని చేస్తాను. వార్డులో ఎవరు బడి మానేశారు, ఎవరిని పనికి పెట్టారు, ఎవరికి జబ్బు చేసింది, ఎవరిని ఇంట్లోవాళ్లు పట్టించుకోవడం లేదు, ఇవన్నీ తెలుసుకుని ఆఫీసులో చెప్పాలి. ఇదివరకు అంగన్‌వాడీలో ఖిచుడీ వండేదాన్ని. నలభై దాటాక సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. బెంగాలీ ముందు, తెలుగు తరువాత. అవి వచ్చాకే ఈ పని వచ్చింది.

వానలు తగ్గుతున్న రోజుల్లో, కండెమ్ క్వార్టర్లకు ఎదురు లైన్లో ఒక పిల్లాడికి జ్వరం దిగడం లేదని తెలిసి వెళ్లాను. వాళ్ల నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చిన మనిషి. నేను అత్తా అని పిలుస్తాను. ఆసుపత్రికి తీసుకెళ్లమంటే ఆవిడ ససేమిరా అంది. పిల్లాడికి గాలి సోకిందట. ఎదురు క్వార్టర్లో ఏదో చేరిందట. పొద్దు వాలే వేళ గోడ వెనక కదులుతుందట. లైన్లో మిగతావాళ్లదీ అదే మాట. ఒకామెకు మువ్వల చప్పుడు వినిపించింది. ఒకాయన సైకిల్ మీద వస్తుంటే వెనక సీటు బరువెక్కింది. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లి ఎవరని కేకేసి కూడా చూశారట.

"మనిసైతే పిలిస్తే పలకదేటి?" అంది అత్త.

జబ్బు చేసినవాళ్ల తల చుట్టూ అన్నం తిప్పి, మూడు దార్లు కలిసేచోట పెట్టి రావడం ఇక్కడి మా తెలుగువాళ్లకు అలవాటే. దిగదుడుపు అంటారు. పెట్టినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని గానీ గడప దాటకూడదు. చూసినా, కడుక్కోకపోయినా, ఆ గాలి వెంట వచ్చేస్తుందని నమ్మకం. ఆ లైనువాళ్లు మూడు దార్ల దాకా వెళ్లడం మానేసి, నేరుగా ఆ క్వార్టర్ గడప మీదే పెడుతున్నారు. పసుపన్నం, ఉడికించిన గుడ్డు, ఒక్కో రోజు ఎండు చేప. ఒక ఇంట్లో దగ్గు, ఒక ఇంట్లో పీడకల, ఒక ఇంట్లో ఊరికే భయం. ఏదో ఒక ఇంటి నుంచి అన్నం వెళ్తూనే ఉంది.

అత్తతో బేరం పెట్టాను. అన్నం నేను పెట్టి వస్తాను, ఈలోగా కోడలు పిల్లాణ్ని టోటో ఎక్కించాలి. ఆవిడ మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోతోంది. కోడలికేమో అటు వెళ్లాలంటే వణుకు. చివరికి ఒప్పుకుంది. విస్తరి నా చేతికి ఇస్తూ, "ఓలమ్మీ, సదువుకున్నోలికి ఆగదు, ఎనక్కి సూస్తారు. నువ్వు సూడకు," అంది.

"ముసలితనంలో వచ్చిన చదువత్తా, మెడ అంతలా తిరగదులే," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

గడప మీద విస్తరి దించాను. తిరిగి వచ్చేసేదాన్నే. వంగినప్పుడు లోపలి మూల కంట పడింది. అక్కడ సాల్ ఆకుల విస్తర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నీ సగానికి మడిచి ఉన్నాయి. కుక్క తింటే ఆకు చిరుగుతుంది. కాకులు తింటే చెల్లాచెదరు చేస్తాయి. గడపకు లోపలగా, నిన్నటిదో ఏమో, ఒక విస్తరి ఇంకా నేల మీదే ఉంది. దాని మడత వీధి వైపుకి ఉంది, అంచులు లోపలి వైపుకి. అంటే లోపల కూర్చుని తిన్నవాళ్లు తమవైపు మడిచారు. భోజనమయ్యాక విస్తరి మనవైపే మడవాలనీ, అవతలికి మడిస్తే ఇక ఆ ఇంటికి రానని చెప్పినట్టనీ మా అమ్మ నాకు చేతి మీద కొట్టి నేర్పింది. ఇక్కడ తింటున్నవాళ్లకూ ఎవరో అలాగే నేర్పారు.

గడప దాటి లోపలికి వెళ్లాను.

లోపల వంటగదిలో, పొయ్యి గట్టు కింద, ఎనిమిదేళ్ల పిల్ల ముడుచుకుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది. ఒక కాలికే పట్టీ ఉంది. పిలిచాను, పలకలేదు. తెలుగులో పిలిచాను, బెంగాలీలో పిలిచాను, హిందీలో కూడా పిలిచాను. కళ్లు మాత్రం విస్తరి వైపు వెళ్లాయి. ఇక పిలవడం మానేసి నేల మీద కూర్చుని, విస్తరి తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. తినింది. గుడ్డు చివరికి ఉంచుకుని తినింది. ఆకు మడిచింది. అప్పుడు నోరు విప్పింది.

"ఎవులు పిలిసినా పలకొద్దన్నాది అమ్మ."

"నేనిప్పుడు పిలవలేదు కదా. నువ్వే పలికినావు," అన్నాను. తను చేసిన పొరపాటుకు కాస్త నవ్వు వచ్చినట్టుంది, మోకాళ్ల మధ్య మొహం దాచుకుంది.

మెల్లగా చెప్పింది. తను పుట్టింది ఆ క్వార్టర్లోనే. ఎవరో రైల్వే ఆయన దగ్గర అద్దెకు తీసుకుని ఉండేవారు. క్వార్టర్లు ఖాళీ చేయించాక తల్లీకూతుళ్లు ఊరి శివారున సాలువా వైపు వెళ్లారు. తల్లి అక్కడి పోలీసు క్యాంపు చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు తోమేది. అక్కడ గది పోయింది. తండ్రి గురించి అడిగితే గోటితో నేల గీకింది. ఒక పొద్దున్న తల్లి తనను ఇక్కడికి తీసుకొచ్చి, పని చూసుకుని వస్తాను, నేనొచ్చేదాకా కదలకు అని చెప్పి వెళ్లింది. ఎన్ని రోజులైందో పిల్లకు తెలియదు. వానలు పడుతున్నప్పుడు అంది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. మా ఆఫీసు దీదీ బెంగాలీ ఆవిడ, మంచి మనిషి. జీపు తీసుకుని బయల్దేరింది. దిక్కులేకుండా దొరికిన పిల్లను మర్నాటికల్లా జిల్లా పిల్లల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. వాళ్లు మేదినీపూర్‌లో ఆడపిల్లల హోమ్‌కు పంపుతారు. అది చట్టం, పిల్లకు మంచిది కూడా. ఆ గదిలో పాములున్నాయి. నేను ఇదంతా చెబుతుంటే పిల్ల పొయ్యి గట్టు పట్టుకుని, "నేనొల్లను. ఇక్కడ నేకపోతే అమ్మకి నేను దొరకను," అంది.

అంతే దాని మాట. ఏడవలేదు. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది.

బయటికి తీసుకొచ్చేసరికి లైనంతా అరుగుల మీద నిలబడి ఉంది. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎండు చేపలు పెట్టిన ఆమె పిల్లను చూసి, "ఇన్నాల్లూ మా గుడ్లు మింగినాది నువ్వటే?" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆకలేస్తోందా అని పిల్లను అడిగినవాళ్లు లేరు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నిన్నటిదాకా వాళ్ల ఇళ్లలో అన్నం తీసిపెట్టడానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు అది పోయింది.

దీదీ ఒక కాగితం అంటించమంది. పిల్ల మా దగ్గర క్షేమంగా ఉందనీ, మునిసిపాలిటీకి వచ్చి అడగమనీ తెలుగులోనూ బెంగాలీలోనూ పెద్ద అక్షరాలతో రాశాను. నా చేతిరాత గుండ్రంగా బాగుంటుందని అందరూ అంటారు. మైదా జిగురుతో గోడకు అంటిస్తుంటే అదేమిటని పిల్ల అడిగింది. చదివి వినిపించాను.

"అమ్మకి సదువు రాదు పెద్దమ్మా," అంది.

నా చేతులకు జిగురు అంటుకుని ఉంది. నలభై ఏళ్లు నేనూ అలాంటి కాగితాల పక్కనుంచే నడిచాను. గోడ మీద రాత ఉంటే అది వేరేవాళ్ల కోసమని తల దించుకుని పోయేదాన్ని. అందులో నా పేరే ఉన్నా నాకు తెలిసేది కాదు. అక్షరాలు వచ్చి ఇన్నేళ్లయ్యేసరికి ఆ సంగతి నాకే గుర్తు లేకుండా పోయింది.

మరి మీ అమ్మకు ఏది చూస్తే తెలుస్తుందని అడిగాను. పిల్ల లోపలికి వెళ్లి, మూలనున్న వాటిలోంచి ఒక ఆకు తెచ్చి, మళ్లీ విప్పి, చేత్తో సాపు చేసి, శ్రద్ధగా మడిచింది. గడప మీద పెట్టి ఇటుక ముక్క బరువుంచింది.

"ఇది సూస్తే నేనేనని తెలుస్తాది. నువ్వు బువ్వ కూడా పెట్టు. అమ్మ ఆకలితో వొస్తాది. తింటే ఆకు మడుస్తాది, అప్పుడు నీకు తెలుస్తాది."

పెడతానని మాట ఇచ్చాను. అప్పుడు జీపు ఎక్కింది.

సాలువాలో అడిగాం. గది అద్దెకిచ్చిన ఆయన, పిల్ల తల్లి మూట పట్టుకుని బస్సు రోడ్డు వైపు వెళ్లడం చూశానన్నాడు. ఆమె అంట్లు తోమిన ఇళ్లవాళ్లకు ఆమె పేరు కూడా సరిగా తెలియదు. ఆసుపత్రుల్లో చూశాం, పోలీసుల దగ్గర రాయించాం. ఎక్కడా ఏమీ తేలలేదు. జ్వరం పిల్లాడు మాత్రం సెలైన్లు ఎక్కించుకుని ఇంటికొచ్చి, ఇప్పుడు అరుగుల మీద గెంతుతున్నాడు.

ప్రతి శనివారం పని ముగించుకుని ఇంటికి వెళ్తూ ఆ గడప మీద అన్నం పెడతాను. ఆదివారం పొద్దున్న వెళ్లి ఆకు చూసి, అక్కడి నుంచే మేదినీపూర్ లోకల్ ఎక్కుతాను. పిల్ల హోమ్‌లో బడికి వెళ్తోంది. జుట్టు కత్తిరించి నూనె రాశారు. నన్ను చూడగానే మొదటి ప్రశ్న ఒకటే. "ఆకు మడిసుందా?"

కుక్కలు చింపేశాయని చెప్తాను. ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. సరేనన్నట్టు తల ఊపి, బడిలో నేర్చుకున్న బెంగాలీ అక్షరాలు నాకు చూపిస్తుంది.

చలికాలం వచ్చింది. ఒకరోజు అత్త నన్ను గుమ్మంలోకి పిలిచి గొంతు తగ్గించింది. ఎదురు క్వార్టర్లో మళ్లీ మొదలైందట. ఈసారి ఆడమనిషి. సందెవేళ గడప దగ్గర వంగుతుందట, తల మీద చెంగు కప్పుకుని ఉంటుందట. చలికి తల మీద చెంగు కప్పుకునేది నేనే. నేనేనత్తా అని చెప్పబోయాను. ఆవిడ వెనక వంటింట్లో పసుపన్నం కలుపుతున్న కోడలు కనిపించింది. లైనంతా మళ్లీ పెడుతున్నారట, రోజూ. నేను పెట్టేది వారానికి ఒకసారి. నోరు మూసుకున్నాను. పిల్ల తల్లి ఏ రోజు వస్తుందో ఎవరికి తెలుసు.

"మొన్న ఆదివారం సందేల కూడా అగుపడినాది. నా కల్లతో సూసినాను," అంది అత్త.

ఆ ఆదివారం సాయంత్రం నేను మేదినీపూర్‌లో ఉన్నాను. తిరుగు బండి ఆలస్యమై, చీకటి పడ్డాక ఖరగ్‌పూర్‌లో దిగాను.

అత్త గుమ్మం నుంచి నేరుగా క్వార్టర్‌కు నడిచాను. ఆ మధ్యాహ్నమే అకాల వాన ఒకటి పడి వెలిసింది. గడప మీద ఆకు తడిసి ఉంది. చిరగలేదు. ఒక పక్క లేచి లోపలికి వాలి ఉంది, పూర్తిగా మూసుకోలేదు. అన్నం కొంత ఉంది. గాలి చేసిన పనో, చెయ్యి చేసిన పనో ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు. గదులన్నీ తిరిగాను. ఎవరూ లేరు. పొయ్యి గట్టు కింద కూడా వంగి చూశాను.

తరువాతి ఆదివారం పిల్ల ఎప్పటిలాగే అడిగింది.

"సగం," అన్నాను.

"సగం తిని లెగిసిపోయుంటాది. ఎవులో సూసుంటారు," అంది. తరువాత నా మొహంలోకి చూసి, "పెద్దమ్మా, నువ్వు బువ్వ పెట్టినాక ఎనక్కి సూస్తన్నావేటి?"

"చూస్తున్నాను."

"సూడొద్దు. సూస్తే అమ్మ బయటికి రాదు."

ఆ తల్లి ఎవరికి కనబడకూడదని పారిపోయిందో నాకు అప్పటికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు. పిల్లకు తెలుసేమో. అడగలేదు.

ఆ వరసను త్వరలో కూలగొడతారని ఊళ్లో అనుకుంటున్నారు. అందాకా శనివారాలు వెళ్తూనే ఉన్నాను. అన్నం దించి, పాత ఆకు తీసి, ఇటుక ముక్క సరిచేసి లేస్తాను. వెనక ఆకు కదిలిన చప్పుడు వినిపించినా తిరగకుండా రోడ్డు దాకా నడుస్తాను. అత్త తన గుమ్మంలోంచి, కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లు, లేకపోతే వెంట వచ్చేస్తుంది అని కేకేస్తుంది. చెయ్యి ఊపుతాను.

మా వాకిట్లో బాల్టీ నిండా నీళ్లుంటాయి. దాని పక్కనుంచి నడిచి, కాళ్లు కడుక్కోకుండానే గడప దాటుతున్నాను. తలుపు కాసేపు తీసే ఉంచుతాను.