తాతగారి బొటనవేలి మీద ఈగ

ఫువాతినో ముసలమ్మకు చిన్ననాటి సంగతులన్నీ గుర్తేనని ఊరంతా ఒప్పుకుంటుంది. అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదని కూడా ఒప్పుకుంటుంది. తీరమంతా ఊడ్చుకుపోయిన పెద్ద తుఫాను గురించి అడిగితే, పక్కింటి పంది తమ చాప మీద పడుకుని లేవనని మొరాయించిన వైనం చెబుతుంది. బడిలో మొదటిరోజు అంటే, పంతులమ్మ చెప్పుకు పట్టీ తెగి ఉండటం.

పోయినేడు వాళ్ల వంశానికి మతాయ్‌గా, అంటే కులపెద్దగా ఉన్న ముసలాయన పోయాడు. ఆ పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు ఫువాతినో కొడుకు మరేకో. పడుచుతనం నుంచీ పెద్దలకు వండి వడ్డించి, పొయ్యి పొగకు కళ్లు శాశ్వతంగా ఎర్రబడ్డవాడు. రెండోవాడు ఎతెవాతి. ఆపియా పట్నంలో బస్సులు తిప్పుతాడు, ఇంటికొస్తే అందరినీ పలకరిస్తాడు. ఊరికి పొగకంటే పలకరింపే ఎక్కువ గుర్తుంటుంది.

మా సవాయి దీవిలో చనిపోతున్న మతాయ్ ఆఖరి మాటంటే శాసనం. ఫువాతినో తాతగారు పోయేముందు, పదవి పెద్దకొడుకు సంతతికి చెందాలో చిన్నకొడుకు సంతతికి చెందాలో చెప్పే పోయాడట. ఇన్నాళ్లూ తగువు రాలేదు కనుక ఎవరూ ఆరా తీయలేదు. విన్న పెద్దలంతా ఆయన దారినే వెళ్లిపోయారు. మిగిలింది, ఆనాడు తాతగారికి విసనకర్ర విసిరిన ఏడేళ్ల పిల్ల ఒక్కతే. మరేకోది పెద్దకొడుకు వైపు, ఎతెవాతిది చిన్నకొడుకు వైపు.

ఇక ఆమె గడప తొక్కనివాడు లేడు. ఎతెవాతి మేలురకం చాపా, డబ్బా మాంసమూ తెచ్చి, పక్కన కూర్చుని పంది కథ మళ్లీ చెప్పించుకుని మరీ నవ్వాడు. మరేకో తల్లి కాళ్లకు కొబ్బరినూనె రాశాడు.

“తాతగారు మనవైపే చెప్పి ఉంటారు కదమ్మా?”

“చెప్పే ఉంటారు.”

“మరి అదే చెప్పు.”

“నేను వినలేదురా.”

సభనాడు ఆనవాయితీగా కావా పానీయం పంచడం అయ్యాక, ఊరి తరఫున మాట్లాడే తోవియా ఆమెను అడిగాడు. ఆమె నిదానంగా చెప్పింది. తాతగారి మీద ఈగ వాలితే నిన్ను చంపేస్తానని మేనత్త విసనకర్ర చేతికిచ్చిందట. ఒక ఈగ ఆయన కాలి బొటనవేలి మీదే కాపురం పెట్టిందట. తోలితే లేవడం, మళ్లీ అక్కడే వాలడం. పెద్దలు ఏడుస్తున్నారు, ఆయనేదో అంటున్నారు, ఆమెకు మాత్రం ఈగే లోకం.

జనం ముసిముసిగా నవ్వారు. నాకు మాత్రం అందులో నవ్వేదేముందో తెలియలేదు. మాట పట్టుకునే పని పెద్దలది, ఈగను పట్టుకునే పని ఆ పిల్లది. మనం వెనక్కి చూసి చిల్లర సంగతి అంటాం గానీ, చేస్తున్నప్పుడు అది ఆమెకు ప్రాణసంకటం. పెద్దలు తమ వంతు పట్టుకెళ్లిపోయారు, ఆమె తన వంతు దాచిపెట్టింది.

తోవియా కూడా నవ్వలేదు. జీవితమంతా సభల్లో మాట్లాడినవాడికి అర్థం లేని వస్తువు కనపడదు. గొంతు సవరించుకుని, మతాయ్ శరీరమంటే వంశమేనని మొదలుపెట్టాడు. కుడికాలు పెద్దకొడుకు సంతతి, ఎడమకాలు చిన్నవాడి సంతతి. ప్రాణం పోయేవేళ ఏ కాలి మీద ఈగ వాలిందో అటే పదవి. అంతవరకూ ఎవరికీ తెలియని ఈ ఆచారానికి సభలో తలలన్నీ ఊగాయి.

“ఏ కాలు, పెద్దమ్మా?”

మరేకో తల్లి వంక చూశాడు. కుడి అంటే కాదనే ప్రాణి లోకంలో లేదు. కొడుకు ఎర్రకళ్లను ఆమె కూడా చూసింది. కాసేపు పెదవులు కదిపింది.

“ఎడమ,” అంది. “గోరు చీలి ఉండేది.”

పదవి ఎతెవాతికి వెళ్లింది. విందుకు పందులు కాల్చింది, ముక్కలు కోసి పెద్దలకు వరసప్రకారం పంచింది మరేకోనే. అతనికంటే బాగా ఆ పని తెలిసినవాడు ఊళ్లో లేడని కొత్త మతాయ్ సభాముఖంగా మెచ్చుకున్నాడు.

అందరూ వెళ్లాక మరేకో తల్లి ముందు ఆకు పరిచి మాంసం పెట్టాడు.

“పోనీ, గుర్తులేదని అనాల్సిందమ్మా.”

“గుర్తుంది కదరా,” అంది ముసలమ్మ.

అతను మాంసంలో ఎముకలు ఏరి తీసేసి, ఆకు ఆమె దగ్గరకు జరిపాడు.