పైపు అతుకు ఆరేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో జొన్నలు గుమ్మిలో పోసేవాళ్లు. కందికట్టెతో అల్లి, లోపలా బయటా పేడమట్టి మెత్తిన పెద్ద బుట్ట అది. ఒక ఏడు కొత్తగా మెత్తిన మట్టి ఆరకముందే మబ్బు పట్టింది. జొన్నలింకా కల్లంలోనే ఉన్నాయి. మా ఏడాది తిండి అదే. మా చిన్నాయన గుమ్మిని బయట చరిచి చూసి, ఆరింది, పోసేద్దామని పట్టుబట్టాడు. మా అవ్వ నన్నెత్తి గుమ్మిలోకి దించి, గోడకు చెంప ఆనించమంది. చల్లగా తగిలిందని చెప్పాను.

"వానల తడిస్తె మల్ల ఎండవోసుకుంటం," అంది అవ్వ, తన కొడుకైన చిన్నాయనతో. "గుమ్మిల తడిస్తె, బూజు వట్టినంకనే తెలుస్తది."

జొన్నలన్నీ ఇంట్లోకి మోయించి, నేల మీదా మంచాల మీదా పోయించింది. మాకు కూర్చునే జాగా లేక చూరు కింద నిలబడి జొన్న గటక తాగాం. చిన్నాయన సణిగినా ఆమె వినలేదు. ఎండలు కాసి లోపలి గోడ వెచ్చబడ్డాకే గుమ్మి నింపింది. ఆ ఏడు అడుగున ఉన్న గింజ కూడా చెడలేదు.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. పైపుల పని అంతకుముందే వచ్చు. మా ఆయన పోయాక బోరు పైపులు నేనే అతికించుకున్నాను. అందుకే మొన్న మనవరాలి చేపల తొట్టి పైపు కారితే ప్లంబర్‌ను పిలవనివ్వలేదు. పైపు కోసి, అంచు గీకి, తుడిచి, ఎల్బో అనే వంపు ముక్కకూ పైపుకూ అతికించే సొల్యూషన్ రాసి, తిప్పుతూ లోపలికి నొక్కి పట్టుకున్నాను. చేపలు బకెట్లో ఉన్నాయి. పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మనవరాలు ఏడుపు మొహం పెట్టింది.

"నానమ్మా, జల్ది నీళ్లు పొయ్యి. అరగంట చాలన్నడు షాపాయన."

"చచ్చేటియి ఆయన చేపలు గావు గద బిడ్డా."

అతుకు చేతికి గట్టిగానే ఉంది. పైపు మూతికి ముక్కు ఆనిస్తే మాత్రం లోపలినుంచి ఘాటు కొడుతోంది. ఆ ఘాటు నీళ్లలో దిగితే చేపలు బతకవు. బకెట్ పక్కనే కూర్చుని, గాలి ఆడాలని చెంబుతో ఆ నీళ్లే ఎత్తి పోస్తూ ఉన్నాను. చెయ్యి పీకితే చెంబు మనవరాలికిచ్చాను. తను పోసింది. మర్నాడు వాసన పోయాక పైపులు కడిగి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తొట్టి నింపాం. ఎక్కడా చుక్క కారలేదు. చేపలను వదిలితే అన్నీ ఈదుతూ తిరిగాయి.

మా అవ్వకు చదువు లేదు. ఆరోజు ఆమె నాకిచ్చిన మొండితనం మాత్రం ఇంకా నా దగ్గరుంది. పైన ఆరింది కదా అని ఎవరెంత తొందరపెట్టినా, లోపల చూడనిదే నేను ఊఁ అనను.