నత్త తొందరపడిన పూట

సైటులో ఆయన్ని అందరూ నత్త అనే పిలిచేవాళ్లు. ముఖం మీదే అన్నా నొచ్చుకునేవాడు కాదు. అన్నం ముందు కూర్చుంటే లేవడం ఓ పట్టాన అయ్యేది కాదు. పోట్లాట కూడా నిదానమే. "ఈయనకి కోపం వచ్చేసరికి నా కోపం చల్లారిపోతుంది, ఇంకెవరితో పోట్లాడను?" అని భార్య వాపోయేది.

అలాంటి మనిషికి తగ్గ పనే దొరికింది. నేల కింద సొరంగం తవ్వుతున్నప్పుడు ఇసుక పొరల్లోంచి నీళ్లు ఊరుతుంటాయి. పైనుంచి గొట్టాల్లో పాలిమర్ ద్రావణాన్ని ఆ ఇసుకలోకి ఎక్కించి ఊటను ఆపడం ఆయన పని. చూడ్డానికి అది పల్చటి గంజి. మెల్లగా పంపితే రేణువుల సందుల్లోంచి బుద్ధిగా జారుతుంది, రేణువులకు అంటుకుని నీళ్ల దారులు మూస్తుంది. తొందరపెట్టారో, మొండికేస్తుంది. ఇరుకు సందుల్లో దాని పొడవాటి పోగులు సాగి బిగుసుకుంటాయి. తోసినకొద్దీ అడ్డం తిరుగుతుంది, ఇంకా తోస్తే ఇసుకే చీలుతుంది.

"దీన్ని బతిమాలాలిరా, బెదిరించకూడదు" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇంజనీర్లు గొంతు చించుకున్నా, పైవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసినా ఆయన పంపు వేగం పెరిగేది కాదు. తిట్టి తిట్టి వాళ్లే అలిసిపోయేవాళ్లు.

ఆ పూట కింద సొరంగంలో, నీళ్లు ఊరుతున్న గోడ దగ్గర మేనల్లుడున్నాడు. వెల్డరు. చెల్లెలు పోయాక ఆయనే తెచ్చి పెంచుకున్నాడు. పిల్లల్లేని ఆ ఇంటికి వాడే ప్రాణం.

"మామయ్యా, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. కాస్త త్వరగా కానియ్" అన్నాడు వైర్‌లెస్‌లో.

"నువ్వు పైకొచ్చెయ్యరా."

"ఎలా వస్తాను? ఊట మూసే ఇనప ప్లేటు పట్టుకుని నాతో ఇంకో ఇద్దరున్నారు. నేను వదిలేస్తే వాళ్ల మీద పడుతుంది. ఊట తగ్గితే బిగించేసి వచ్చేస్తాం."

కాసేపటికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. మాటల మధ్య వాడి పళ్లు టకటకా కొట్టుకోవడం ఆయన చెవిలో పడింది. అంతే, చెయ్యి పంపు మీదికి పోయింది. వేగం పెంచాడు. మరికాస్త పెంచాడు. ఇంకెవడైనా ఆ పని చేసుంటే ఆయనే చెంప పగలగొట్టేవాడు.

గొట్టం వణికింది. "అన్నా, ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాటుతోంది" అన్నాడు పక్కనున్న పంపు మెకానిక్కు.

"కనబడుతోంది."

తగ్గించాలని తెలుసు. తగ్గిస్తే నీళ్లు వాడి మెడ దాకా వస్తాయేమో! ఆ భయం ముందు ఇన్నేళ్ల తెలివీ గంగలో కలిసింది. చెయ్యి వెనక్కి రాలేదు.

ఉన్నట్టుండి ముల్లు అడుక్కి పడిపోయింది.

మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. "దారిచ్చేసిందన్నా! ఎంత సాఫీగా పోతోందో చూడు!"

అంతసేపు మొండికేసిన ఇసుక ఒక్కసారిగా లొంగదు. ఎక్కడో చీలింది, నీళ్లు ఇక ఆ దారి పడతాయి. ఆయన పంపు ఆపేశాడు.

వైర్‌లెస్‌లో కేరింతలు. "మామయ్యా, ఊట ఆగిపోయింది! బిగించేస్తున్నాం!"

"ప్లేటు వదిలేసి పరుగెత్తండి."

"ఎందుకు? ఇక్కడ చుక్క కూడా రావట్లేదు."

"ఒరేయ్, నా మాట విను! పరుగెత్తు!"

మామయ్య అలా అరవడం వాడెప్పుడూ వినలేదు.

"మామయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. "మా వెనకవైపు ఏదో హోరు వినిపిస్తోంది."

పైకి రావడానికి ఉన్న మెట్లు ఆ వెనకవైపే.