అందరూ సామి అనుకున్న జబ్బు

ఆ ఉదయం మునిరత్నమన్న రంగులోంచి తీసిన నూలు చిలపను చెవికి ఆనించుకొని నిలబడ్డాడు. ఇంకా వేడి తగ్గని ఎర్రనీళ్లు మెడ మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి. ఆయన కదల్లేదు.

"ఏందన్నా?" అన్నాను.

"ఉండు. నా పేరు చెబతా ఉంది."

తిరుత్తణిలో నేతవాళ్ల నూలుకు రంగులద్దే షెడ్డు మాది. నాలుగేళ్ల కిందటి మాట. చిలపలను, అంటే నూలు కట్టలను, వెదురు కర్రలకు తగిలించి, మరిగే గంగాళంలోకి వేలాడదీస్తాం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కర్రలను ఒకే తీరున తిప్పాలి. ఒకరు ఆగితే నూలు మచ్చలు పడుతుంది. మునిరత్నమన్నకు ఎదురు మనిషిని నేను. పగలంతా ఆయన ముఖమే నా ముందు ఉండేది.

తర్వాతి వారాల్లో ఆయన నిద్రపోవడం మానేశాడు. పని మధ్యలో తనలో తాను నవ్వుకునేవాడు. ఒకరోజు కర్ర వదిలేసి, కళ్లు తేలేసి, ఒళ్లంతా వణుకుతూ అరిచాడు. పట్టుకోబోతే, మాలో పెద్దవాడైన పరంధామ మామ నన్ను వెనక్కి లాగి కర్పూరం వెలిగించాడు.

"ముట్టగాకురా. సామి వచ్చినాడు."

కొండ మీది మురుగన్ ఒంటి మీదికి రావడం మా ఊళ్లో వింత కాదు. ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తేవాళ్లలో ఏటా చూస్తాం. మామ చేతులు జోడించి, "సామీ, నా కొడుక్కి ఉద్యోగం యాడ దొరుకుతాది?" అని అడిగాడు. అన్న ఏడ్చాడు. "కరుణ చూపినాడు" అన్నాడు మామ. షెడ్డు యజమాని, మా ముదలాళి కూడా దండం పెట్టి, తర్వాత నా పక్కకు వచ్చి, "సామి పోయినాక ఆ చిలపలు మళ్లా ముంచండప్పా, మచ్చలు పడినాయి" అన్నాడు.

అన్న భార్య కామాక్షి వదినకు ఇంట్లో సంగతి తెలుసు. "మురుగనే అయితే, పిల్ల తినే అన్నంలో విషముండాదని ఏంటికి చెబుతాడు తమ్ముడూ? నిన్నట్నించి దాన్ని తిననీలే" అంది. ఇద్దరం ఆయన్ని రైలెక్కించి మద్రాసులో ఒక సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ చాలాసేపు ఆయనతో మాట్లాడింది. తర్వాత మాతో చెప్పింది: "దీన్ని స్కిజోఫ్రీనియా అంటారు. ఆ గొంతులు ఆయనకు నిజంగానే వినబడతాయి, వాదించకండి. ట్యాబ్లెట్లు ఆపకండి. బాగైపోయాడని అనిపించినప్పుడే అందరూ ఆపేస్తారు. ఆపితే రిలాప్స్ వస్తుంది, జబ్బు తిరగబెడుతుంది."

ట్యాబ్లెట్లతో గొంతులు తగ్గాయి. పిల్ల అన్నం తిన్నది. కానీ అన్న చేతులు వణికేవి, చొంగ కారేది. "సామి పోతా పోతా సోంబేరిని వదిలిపెట్టి పోయినాడే" అని షెడ్డులో నవ్వేవారు. మళ్లీ మద్రాసు పోతే, అది సైడ్ ఎఫెక్ట్ అని డాక్టరమ్మ వణుకుకు ఇంకో మాత్ర రాసింది.

ఒకరోజు కర్రలు తిప్పుతూ అన్న అన్నాడు: "మాత్ర మింగితే నేను మనిషిని తమ్ముడూ. మింగకుంటే దండం పెడతారు."

"మనిషిగానే ఉండన్నా" అన్నాను.

ఆ పండగ వచ్చే ఆడి నెల మొదలైంది. పరంధామ మామ అన్న చేత కావడి మొక్కించి, మాల వేయించి, పసుపు పంచె కట్టించాడు. "విరతంలో ఇంగ్లీషు మందు మింగరాదు" అన్నాడు. ఆసుపత్రిలో విన్నదంతా చెప్పాను. వదిన మామ కాళ్లు పట్టుకుంది. మామ కోప్పడలేదు. కన్నీళ్లు పెట్టుకొని, "వాడు నా బిడ్డ మాదిరి. వాడి మంచికే కదమ్మా" అన్నాడు. ఆ కన్నీళ్ల ముందు మా మాట నిలవలేదు.

మాత్రలు ఆగాక అన్న మాట్లాడటం మానేశాడు. అరిచినా బాగుండుననిపించేది. గంగాళంలోకి చూస్తూ, ఎవరికో సరేనంటున్నట్టు తల ఊపేవాడు. ముదలాళిని బతిమాలి ఆయన్ని పొయ్యి దగ్గరి నుంచి, నూలు ఆరబెట్టే చోటికి మార్పించాను.

ఆడికృత్తిక రోజు కొండ మెట్ల నిండా జనం. అన్న కావడితో ఎక్కాడు, సన్నిధిలో దించాడు. తర్వాత ఎవరినీ చూడకుండా గబగబా దిగసాగాడు. వదిన పిలిచింది. ఆగలేదు. నేను వెంటపడ్డాను. "అరోహరా" అంటూ జనం ఆయనకు దారి విడిచారు, ఆయన దాటగానే నా ముందు మూసుకున్నారు. ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"సామి పోతా ఉండాడు. అడ్డం పోగాకు."

"ఆయనకు జబ్బు. వదులు."

వదల్లేదు. మెట్ల కింద ఆడవాళ్లు ఆయన పాదాల మీద నీళ్లు పోయడం పైనుంచి చూశాను. ఆ తర్వాత కనిపించలేదు.

సాయంత్రం రైలు పట్టాల దగ్గర దొరికాడు. పసుపు పంచెను బట్టి గుర్తుపట్టాను.

వదిన ఇప్పుడు తిరువళ్లూరులో పుట్టింటివాళ్ల దగ్గర ఉంటూ బట్టలు కుడుతోంది. పిల్ల బడికి పోతోంది. నేను అదే షెడ్డులో ఉన్నాను, ఎదురు మనిషి మారాడు.

ఇలాంటి జబ్బు మనిషి పక్కన పనిచేసేవారికి ఒక్కటి చెప్పగలను. డాక్టర్ దగ్గరికి రోగి, ఇంట్లోవాళ్లు పోతే చాలదు. మందు మానమని చెప్పగల పెద్దమనిషి ఎవరో చూసి, ఆయన్ని కూడా వెంట తీసుకుపోండి.

నిరుడు మా షెడ్డులో ఇంకొకతనికి ఇలాగే మొదలైంది. నేను పరంధామ మామను కూడా మద్రాసు రైలెక్కించాను. ఈసారి ఉన్న కొత్త డాక్టర్ చెప్పిందంతా విని మామ అడిగాడు: "మాల వేసుకున్నా మాత్ర మింగొచ్చా సార్?"

"మింగాలి" అన్నాడు డాక్టర్.

తిరుగు రైల్లో అరక్కోణం దాటేదాకా మామ తల ఎత్తలేదు. ఇప్పుడు రోజూ అన్నాలయ్యాక ఆ పనివాడి చేతిలో మాత్ర పెట్టి, మింగేదాకా పక్కన కూర్చునేది ఆయనే.