పక్కకు తీసిన బీడీలు

వానాకాలంలో మా గోడలు చెమ్మ పట్టి తడి గోనెపట్టా వాసన వేస్తాయి. నానబెట్టిన తునికాకు వాసన అచ్చం అలాగే ఉండేది. అది ముక్కుకు తగలగానే కామాటిపురాలో గదికో కుటుంబం ఉండే మా చాల్ వరండా, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే నర్సక్క కళ్లముందుకు వస్తాయి. ఎనభైల మొదట్లో పాలమూరు నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాకు ఆ పని నేర్పింది పక్క ఖోలీలో ఉండే ఆమే. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. వచ్చాక మొదట రాయాలనుకున్నది ఆమె గురించే.

కార్ఖానా తరఫున బీడీలు చూసి తీసుకునే యాదగిరి రోజూ అందరి కట్టల్లోంచి గుప్పెడు బీడీలు నాసివని పక్కకు తీసేవాడు. వాటికి కూలి లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు. అవి వేరే సంచిలో చేరి ఎటో అమ్ముడుపోతాయని అందరికీ తెలుసు. నర్సక్క మాత్రం లోపం తన వేళ్లలోనే ఉందనుకునేది. "రేపు ఇంకింత మంచిగ చుడత, సూడు" అనేది. అన్నం మధ్యలో లేచి ఆకు కత్తిరించేది. కొన్నాళ్లకు నిద్ర కరువైంది. తలపోటు, ఛాతీ మీద బరువు మొదలయ్యాయి. నాగ్‌పాడాలో దవాఖానాకు నేనే తోడు వెళ్లాను. డాక్టరు బీపీ చూసి, మాత్రలు రాసి, రెస్టు కావాలన్నాడు.

"అది ఏ దుకాన్ల దొరుకుతది డాక్టర్‌సాబ్?" అంది నర్సక్క.

ఆయన నవ్వాడు. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. "పని జేస్తె ఏం గాదు పిల్లా. చేసింది బాగలేదని రోజు ఇనుడే, అది లోపల కూసుంటది" అంది.

మర్నాడు యాదగిరి ఎప్పటిలాగే గుప్పెడు తీశాడు. నర్సక్క ఆ బీడీలు లాక్కుని అరచేతుల మధ్య నలిపేసింది. పొగాకు నేలరాలింది.

"పిచ్చి లేసిందా అక్కా?"

"నాసివే గద తమ్మీ, చెత్తల పడేటియి. నీకేం పరేషాన్?"

వరసలో ఉన్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. యాదగిరి మొహం మాడిపోయింది. ఆ మరునాటి నుంచి ఆమెకు చుట్టడానికి ఆకు ఇవ్వలేదు.

"పని పాయె గదక్కా" అన్నాను భయంగా. వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. "పాయె. ఇయాల పొద్దెక్కినంక లేసిన. నీ మొగడు గురక వెట్టినట్టు పండుకున్న" అని నవ్వింది.

తర్వాత మేమూ ఒక్కొక్కరం అతను తీసిన బీడీలు నలపడం మొదలుపెట్టాం. అందరికీ ఆకు ఆపితే పని నడవదు కనుక యాదగిరి పక్కకు తీయడం తగ్గించాడు. నర్సక్కను మాత్రం మళ్లీ పిలవలేదు. ఆమె కూలీలు భోజనానికి వచ్చే ఒక ఖానావళిలో రొట్టెలు చేసే పనికి కుదిరింది. పొగాకు దుమ్ము తెచ్చిన దగ్గు చివరిదాకా వదల్లేదు. అయినా, తిన్నవాళ్లు రొట్టె బాగుందన్న రోజున మా గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పకుండా లోపలికి పోయేది కాదు.

ఇప్పుడు నేను వర్లిలో ఒక ఆఫీసు ఊడుస్తాను. సూపర్‌వైజరు ఊరికే "సరిగా లేదు" అంటే ఒకప్పుడు మొత్తం మళ్లీ ఊడ్చేదాన్ని. ఇప్పుడు, "ఎక్కడ లేదో చూపియ్యి సార్" అంటాను. చూపిస్తే తుడుస్తాను. చూపించలేకపోతే చెప్పులు వేసుకుని బస్సెక్కుతాను.